రెండు సరిహద్దులు దాటినోళ్లు

(పల్లె సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



పోయిన నెల మన సంఘం ఆఫీసుకు కాగజ్‌నగర్ దిక్కు నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. బెంగాలీ క్యాంపు పిల్లగాడు. ఇంటర్ చదివాడు. తెలుగు మనలెక్కనే మాట్లాడుతున్నాడు. చేతిలో ఒక మెమోరాండం. "సార్, మమ్మల్ని ఎస్సీ జాబితాల చేర్చాలని సర్కారుకు ఇస్తున్నం. మీ సంఘం తరఫున కూడ సంతకం పెట్టున్రి" అన్నాడు.

మేము కలం తీసేలోపే అక్కడున్న మన పెద్దమనిషి ఒకాయన అడ్డం తగిలాడు. "ఉన్న పదిహేనుల మనం మనం కొట్టుకుంటున్నం. ఇప్పుడు బెంగాలోళ్లు గూడనా? వాళ్లెవరు, మనమెవరు? మన కంచంల బువ్వ తీసి వాళ్లకు పెట్టాల్నా?" అన్నాడు. పిల్లగాడు మారు మాట్లాడలేదు. కాయితం బల్ల మీద పెట్టి తలకాయ వంచుకుని పోయాడు. ఆ కాయితం ఇదిగో, ఇంకా మా దగ్గరే ఉంది. సంతకం లేకుండానే ఉంది.

ఆ పెద్దమనిషిని మేము తప్పు పట్టడం లేదు. ఆయన అడిగింది మీలో చాలామంది మనసులో ఉన్న మాటే. పేదోడికి పంచిపెట్టమంటే భయమే అయితది, ఎందుకంటే వాడికి పంచినప్పుడల్లా పోయిందే తప్ప వచ్చింది లేదు. కానీ "వాళ్లెవరు" అన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా సంతకం పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పే. అందుకని ఈ రోజు ఆ జవాబు చెప్పుకుందాం. బడిపంతుళ్లం గనుక జర పాఠం లెక్క ఉంటది, ఓపిక పట్టండి.

వాళ్లది నామశూద్ర కులం. ఊరు తూర్పు బెంగాల్. బరిశాల్, ఫరీద్‌పూర్, ఖుల్నా, జెస్సోర్ జిల్లాలు. అంతా నదులు, బిళ్లు, బురద. ఆ బురదను పొలం చేసింది వాళ్లు. పడవ నడిపింది వాళ్లు, చేపలు పట్టింది వాళ్లు, వరి పండించింది వాళ్లు. భూమి మాత్రం జమీందార్లది. వాళ్లను సర్కారు కాయితాల్లో "చండాలుర" ని రాసేవాళ్లు. మనల్ని ఏమని పిలిచారో మనకు తెలుసు గదా, అదే తీరు.

వాళ్లు ఊకోలేదు. 1872-73లో ఫరీద్‌పూర్, బరిశాల్ దిక్కున నామశూద్రులు సమ్మె చేశారు. పై కులాల ఇళ్లల్లో, పొలాల్లో పని చెయ్యమని ఎదురు తిరిగారు. అప్పటికి మన దగ్గర సంఘం అన్న మాట కూడా పుట్టలేదు. అక్కడ హరిచంద్ ఠాకూర్ అనే ఆయన మతువా ధర్మం పెట్టాడు. గుడిలోకి రానియ్యనోడి దేవుడు మనకెందుకు, చేతికి పని, నోటికి నామం చాలన్నాడు. ఆయన కొడుకు గురుచంద్ ఠాకూర్ ఓఢాకాందీలో బడి పెట్టించాడు. తినడానికి లేకున్నా పిల్లలకు చదువు చెప్పించండని ఊరూరా తిరిగి చెప్పాడు. చదువుకున్న తరం లేచింది. కొట్లాడి కొట్లాడి 1911 జనాభా లెక్కల్లో "చండాల" అన్న మాట కొట్టేయించి "నామశూద్ర" అని రాయించుకున్నారు. ఒక పేరు మార్చుకోవడానికి ఎన్ని ఏండ్లు పట్టిందో చూడండి. ఈ పేరు ముచ్చట యాదికి పెట్టుకోండి, మళ్లీ దానికాడికే వస్తాం.

ఇంక మనకూ వాళ్లకూ ఉన్న చుట్టరికం చెప్తాం.

మనం ఏప్రిల్ 14న బాబాసాహెబ్ బొమ్మకు దండ వేస్తాం. రాజ్యాంగం రాసిన మహానుభావుడంటాం. ఆ రాజ్యాంగ సభలోకి ఆయన మొదట ఎక్కడి నుంచి పోయారు? ఆయన సొంత బొంబాయి నుంచి కాదు. 1946లో బొంబాయి అసెంబ్లీలో ఆయనకు ఓట్లేసే బలం లేదు. కాంగ్రెస్ వాళ్లు ఆయన్ను రానియ్యకూడదనుకున్నారు. అప్పుడు బెంగాల్ నుంచి జోగేంద్రనాథ్ మండల్ లేచాడు. బరిశాల్ నామశూద్రుడు. తన తోటి సభ్యులను కూడగట్టి బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి గెలిపించి పంపాడు. దేశం విడిపోయాక ఆ సభ్యత్వం పోయింది, 1947 జూలైలో బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు, అది వేరే సంగతి. కానీ తలుపులు మూసుకున్నప్పుడు మొదట తలుపు తెరిచింది ఎవరు? బెంగాల్ దళితులు.

"మన కంచంల బువ్వ" అన్నాడు గదా మన పెద్దమనిషి. ఆ కంచం మన ముందుకు రావడంలో ఆ పిల్లగాడి తాతల చెయ్యి ఉందన్నా.

ఇప్పుడు దేశం విడిపోయిన కథకు వద్దాం. 1947 ఆగస్టు. రాడ్‌క్లిఫ్ అనే తెల్లదొర, అంతకుముందు ఈ దేశం ముఖం కూడా చూడనోడు, అయిదు వారాల్లో పంజాబ్‌నూ బెంగాల్‌నూ గీత గీసి చీల్చాడు. ఆ గీత ఎక్కడ పడిందో జనానికి ఆగస్టు 17 దాకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజుల దాకా చెప్పలేదు. ఇటు ముస్లింలు, అటు హిందువులు, సిక్కులు. ఇళ్లు కాలాయి, ఆడోళ్లను ఎత్తుకపోయారు, రైళ్లకు రైళ్లు శవాలతో వచ్చాయి. ఆ దుఃఖం పుస్తకాల్లో ఉంది, సినిమాల్లో ఉంది. కానీ సరిహద్దు దాటినంక ఎవరికి ఏం దొరికింది అన్న లెక్క పుస్తకాల్లో తక్కువ. ఆ లెక్కలోనే కులం ఉంది.

పంజాబ్ ముచ్చట చూడండి. అటు నుంచి వచ్చిన హిందువులు, సిక్కులు పశ్చిమ పంజాబ్‌లో వదిలి వచ్చిన భూమి సుమారు 67 లక్షల ఎకరాలు. ఇటు నుంచి పోయిన ముస్లింలు తూర్పు పంజాబ్‌లో వదిలిన భూమి సుమారు 47 లక్షల ఎకరాలు. తక్కువ పడింది. అందుకని సర్కారు కోత పద్ధతి పెట్టింది. అక్కడ పది ఎకరాలున్నోడికి నాలుగో వంతు కోసి ఏడున్నర ఇచ్చారు. ఎక్కువున్నోడికి కోత ఎక్కువ. అయిదు వందల ఎకరాలకు పైబడితే నూటికి తొంభై అయిదు కోశారు. చూడటానికి న్యాయంగానే ఉంది. 1949 చివరికల్లా రెండున్నర లక్షల కేటాయింపులు చేసేశారు. అంత తొందరగా జరిగింది ఆ పునరావాసం.

కానీ కోతకైనా ముందు ఏదో ఒకటి ఉండాలె గదా! క్లెయిమ్ ఫారంలో "అక్కడ నీకు భూమి ఎంత" అని గడి ఉంది. చూహ్రా, చమార్ లాంటి అంటరాని కులాలోళ్లు ఏం రాస్తారు? 1900లో తెల్లోళ్లు పంజాబ్‌లో ఒక భూమి చట్టం చేశారు. కొన్ని కులాలే "వ్యవసాయ తెగలు" అన్నారు. ఆ పట్టీలో దళితులు లేరు. అంటే దళితుడు చేతిలో పైసలున్నా సాగుభూమి కొనుక్కోలేడు. తరాలుగా ఇంకోడి పొలం దున్నినోడికి సొంత సెంటు లేదు. సరిహద్దు దాటి వచ్చాక సున్నాలో ఎంత కోసినా సున్నానే. అటు జాట్ల పొలంలో కూలి, ఇటు వచ్చినా జాట్ల పొలంలో కూలి. దేశం మారింది, మాస్టరు మారాడు, వాడి బతుకు మారలేదు.

ఇంకో ఘోరం వినండి. సింధ్‌లో, కరాచీలో పాయఖానాలెత్తే దళితులను పాకిస్తాన్ సర్కారు రానియ్యలేదు. మిగతా హిందువులను పోనిచ్చింది, వీళ్లను "అత్యవసర సేవలు" అని ఆపింది. వీళ్లు పోతే ఊరు ఎవరు ఊడుస్తారని! బాబాసాహెబ్ 1947 డిసెంబరు 18న నెహ్రూకు ఉత్తరం రాశారు. అక్కడ చిక్కిన మన జనాన్ని రప్పించే ఏర్పాటు చెయ్యండని అడిగారు. పెద్ద కులపోడి ప్రాణానికి విలువ ఉంది గనుక వాణ్ని తరిమారు, మన చీపురుకు విలువ ఉంది గనుక మనల్ని కట్టేశారు. అదొక్కటే తేడా.

ఇక బెంగాల్. అక్కడ వలస ఒక్కసారి జరగలేదు, ముప్ఫై ఏండ్లు జరిగింది. మొదట వచ్చినోళ్లు చదువుకున్నోళ్లు, జమీందార్లు, వకీళ్లు, గుమాస్తాలు. బ్రాహ్మణ, కాయస్థ, వైద్య కులాలు. వాళ్లకు కలకత్తాలో చుట్టాలున్నారు, ఉద్యోగాలున్నాయి, అమ్ముకోను ఆస్తులున్నాయి. నామశూద్ర రైతులు రాలేదు. ఎందుకు రావాలె? అక్కడ ముస్లిం రైతూ, వీళ్లూ ఇద్దరూ జమీందారు కాలి కింద నలిగినోళ్లే. జోగేంద్రనాథ్ మండల్ కూడా అదే నమ్మాడు. పాకిస్తాన్ మొదటి న్యాయశాఖ మంత్రి అయ్యాడు. ఇటు బాబాసాహెబ్, అటు మండల్. రెండు దేశాలకూ మొదటి న్యాయ మంత్రులు ఇద్దరూ అంటరానోళ్లే! ఈ ముచ్చట మన పిల్లల పాఠాల్లో ఉందా?

ఆ నమ్మకం నిలవలేదు. 1949 చివర ఖుల్నా జిల్లాలో నామశూద్రుల మీద దాడులు మొదలయ్యాయి. 1950 ఫిబ్రవరిలో బరిశాల్, ఢాకా అంటుకున్నాయి. అప్పుడు కదిలారు మన తీరు జనం. 1950 అక్టోబరు 8న మండల్ మంత్రి పదవికి రాజీనామా చేసి ఇండియాకు వచ్చాడు. 1952లో పాస్‌పోర్టు పెట్టారు, మళ్లీ ఒక అల. 1964లో అల్లర్లు, మళ్లీ ఒక అల. 1971 యుద్ధంలో కోటిమంది వచ్చారు. బంగ్లాదేశ్ వచ్చాక చాలామంది తిరిగి పోయారు, కొందరు ఇక్కడే మిగిలారు. ముందు వచ్చినోడి దగ్గర పెట్టె ఉంది, వెనక వచ్చినోడి చేతిలో పిల్లలు తప్ప ఏం లేదు.

కలకత్తాలో ఏం జరిగింది? పై కులాల కాందిశీకులు దక్షిణ కలకత్తాలో ఖాళీ జాగాలు రాత్రికి రాత్రి ఆక్రమించి వెదురు గుడిసెలు వేశారు. వాటిని "జబర్‌దఖల్" కాలనీలన్నారు. మనకు తెలిసిన మాటలే, జబర్దస్తీగా దఖల్ చేసుకున్నవి. లాఠీ దెబ్బలు తిన్నారు, సంఘం కట్టారు, కొట్లాడారు. వాళ్ల కష్టం మేము తక్కువ చెయ్యం. చివరికి సర్కారు లొంగి ఆ కాలనీలకు ఒకటొకటిగా గుర్తింపు ఇచ్చింది. బళ్లు వచ్చాయి, కాలేజీలు వచ్చాయి, అక్కడి నుంచి మంత్రులొచ్చారు, రచయితలొచ్చారు.

మరి నామశూద్రులు? సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నెలల తరబడి పడుకున్నారు. అక్కడి నుంచి లారీల్లో క్యాంపులకు. రాణాఘాట్ దగ్గర కూపర్స్ క్యాంపు, ధుబులియా క్యాంపు. యుద్ధం కోసం కట్టిన మిలిటరీ గుడారాలు, రేకుల షెడ్లు. డోలు అని కొంచెం పైసలు, కొంచెం బియ్యం. మొగదిక్కు లేని విధవలకు, ముసలోళ్లకు, దిక్కులేని పిల్లలకు సర్కారు పెట్టిన పేరు వినండి: "శాశ్వత భారం". కాయితం మీద అట్లనే రాశారు. వరి పండించి బెంగాల్‌కు అన్నం పెట్టిన ఆడోళ్లు సర్కారుకు శాశ్వత భారం అయ్యారు!

వాళ్లు అడిగింది ఒక్కటే. మేము రైతులం, బెంగాల్లోనే ఇంత బురద నేల ఇయ్యండి, పండించుకుంటాం అన్నారు. బెంగాల్లో చోటు లేదన్నారు. జబర్‌దఖల్ చేసినోడికి చోటుంది, చెయ్యి చాపినోడికి చోటు లేదు. 1958లో దండకారణ్య ప్రాజెక్టు పెట్టారు. ఒడిశాలోని కోరాపుట్, అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్ అడవులు. క్యాంపులోళ్లంతా అక్కడికే పోవాలె, పోనంటే డోలు బంద్. సత్యాగ్రహాలు చేశారు, జైళ్లకు పోయారు. జోగేంద్రనాథ్ మండల్ ఆ పోరాటంలో జనంతోనే నిలబడ్డాడు. 1968లో పోయేదాకా ఆయనకు ఈ దేశంలో ఏ పదవీ దక్కలేదు.

రైళ్లెక్కించి రాయపూర్ దగ్గరి మానా క్యాంపుకు, అక్కడి నుంచి అడవికి. నీళ్లల్లో పుట్టి నీళ్లల్లో పెరిగినోళ్లను రాళ్ల నేల మీద దించారు. ఇంటికి ఆరేడు ఎకరాలన్నారు. నీళ్లు లేవు. ఆ ప్రాజెక్టుకు అధ్యక్షుడిగా చేసిన శైబాల్ కుమార్ గుప్తా అనే పెద్ద ఆఫీసరే 1965లో వ్యాసాలు రాసి ఆ భూముల నాణ్యత ఎంత నాసిదో బయటపెట్టాడు. ఊర్లకు పేర్లు కూడా పెట్టలేదు. మల్కాన్‌గిరిలో ఎం.వి. 1, ఎం.వి. 2 అని, పరల్‌కోట్‌లో పి.వి. 1, పి.వి. 2 అని నంబర్లు. ఇప్పటికీ ఆ ఊర్లను ఆ నంబర్లతోనే పిలుస్తారు. ఖైదీకి నంబరు ఉంటదని విన్నాం, ఊరికి నంబరు ఉండటం అక్కడే చూస్తాం. మన దగ్గర మన వాడకు "ఎస్సీ కాలనీ" అని బోర్డు పెట్టినట్టు!

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలె. ఆ అడవి ఖాళీ జాగా కాదు. గోండుల అడవి, కోయల అడవి, పరజాల అడవి. మల్కాన్‌గిరి కోయలు మన భద్రాచలం కోయలకు చుట్టాలే. చదును చేసిన భూమిలో నాలుగో వంతు ఆదివాసులకు అన్నారు. ఎవరి భూమిలో ఎవరికి నాలుగో వంతు? అడవి ఇయ్యమని నామశూద్రుడు అడగలేదు, అడవి ఇస్తమని ఆదివాసి అనలేదు. ఇద్దరినీ అడగకుండా ఢిల్లీలో బల్ల మీద పటం పరిచి వేలు పెట్టినోళ్లు వేరే. కానీ ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా గొడవ పడేది మాత్రం ఆ ఇద్దరే. పేదోడి భూమి ఇంకో పేదోడికి ఇచ్చి ఇద్దరి నడుమ అగ్గి పెట్టడం ఈ దొరల పాత విద్య.

తర్వాత మరిచ్‌ఝాపి. ఈ పేరు మన పిల్లలకు నేర్పాలె.

కమ్యూనిస్టులు ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కాందిశీకులను దండకారణ్యానికి పంపొద్దన్నారు, బెంగాల్లోనే జాగా ఉందన్నారు. 1977లో లెఫ్ట్ ఫ్రంట్ సర్కారు వచ్చింది. అడవిలో ఉన్న జనం నమ్మారు. మన సర్కారు వచ్చిందనుకున్నారు. 1978లో ఉన్నదంతా అమ్ముకుని లక్షమందికి పైగా బయలుదేరారు. సర్కారు చాలామందిని దారిలోనే ఆపి వెనక్కి తోలింది. ముప్ఫై వేలమంది దాకా సుందర్‌బన్స్‌లో మరిచ్‌ఝాపి అనే దీవికి చేరారు. ఎవరినీ పైసా అడగలేదు. కట్టలు పోశారు, గుడిసెలు వేశారు, బడి పెట్టారు, దవాఖాన పెట్టారు, బీడీల షెడ్డు, రొట్టెల బట్టీ, పడవలు చేసే జాగా, చేపల చెరువులు. ఇరవై ఏండ్లల్లో సర్కారు చెయ్యలేని పునరావాసం నెలల్లో వాళ్ల చేతులతో వాళ్లు చేసుకున్నారు.

అదే వాళ్ల నేరం అయింది. రిజర్వు అడవి అన్నారు, ఖాళీ చెయ్యమన్నారు. 1979 జనవరి చివరి వారంలో, దేశం గణతంత్ర దినం జరుపుకుంటున్న రోజుల్లో, 144 సెక్షన్ పెట్టి దీవి చుట్టూ పోలీసు లాంచీలు తిప్పారు. బియ్యం పోనియ్యలేదు, మందులు పోనియ్యలేదు, తాగే నీళ్లు పోనియ్యలేదు. చుట్టూ ఉప్పు నీళ్లు. జనవరి 31న కాల్పులు జరిగాయి. కలకత్తా హైకోర్టు తిండి, నీళ్లు ఆపొద్దని చెప్పాల్సి వచ్చింది. మే నెల 14 నుంచి 16 దాకా మూడు రోజులు గుడిసెలు తగలబెట్టి, జనాన్ని పడవల్లో కుక్కి ఖాళీ చేయించారు. సర్కారు ఒప్పుకున్నది రెండు చావులు. బతికి బయటపడ్డోళ్లు వందలంటారు, ఇంకా ఎక్కువంటారు. లెక్క తేల్చాలని ఏ సర్కారూ అనుకోలేదు. ఒక్క ఆఫీసరుకు కూడా శిక్ష పడలేదు.

మన కారంచేడు 1985, మన చుండూరు 1991. వాటికంటే ముందు మరిచ్‌ఝాపి. మన దగ్గర చంపింది భూస్వాములు. అక్కడ చంపింది పేదల పేరు చెప్పి గద్దెనెక్కిన సర్కారు. ఎర్రజెండా పట్టుకున్నంత మాత్రాన చేతిలోని కులం రాలిపోదని ఆ దీవి చెప్తున్నది. కమ్యూనిస్టు సోదరుల మీద కోపంతో చెప్పే మాట కాదిది. వాళ్లూ మనం కలిసి నడిచిన రోజులున్నాయి, నడవాల్సిన రోజులున్నాయి. నిజం చెప్పుకుని నడుద్దాం.

ఇంక మన కాగజ్‌నగర్ క్యాంపులకు వద్దాం. ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ దిక్కు పోయినోళ్లు చూసే ఉంటారు. ఆ కాందిశీకుల్లోనే కొందరిని కేంద్ర సర్కారు మన పాత ఆదిలాబాద్ జిల్లాకు తెచ్చి దించింది. ఇంట్లో బెంగాలీ, అంగట్లో తెలుగు. పిల్లలు మన బళ్లల్లో చదువుతున్నారు. మూడో తరం, నాలుగో తరం.

దేశం సరిహద్దు దాటితే భూమి పోయింది. ఆ తర్వాత వాళ్లు ఇంకో సరిహద్దు దాటారు, అది ఎవరికీ కనపడలేదు. రాష్ట్రం సరిహద్దు. రాజ్యాంగం 341 అధికరణం ప్రకారం ఎస్సీ జాబితా రాష్ట్రానికి ఒకటి ఉంటది. ఒక రాష్ట్రంలో ఎస్సీ ఇంకో రాష్ట్రంలో ఎస్సీ కాకపోవచ్చు. పశ్చిమ బెంగాల్లో నామశూద్రులు ఎస్సీ. అస్సాంలో ఎస్సీ. ఒడిశాలో ఎస్సీ. ఛత్తీస్‌గఢ్‌లో కాదు, మన దగ్గర కాదు. మల్కాన్‌గిరిలో దిగినోడి మనవడికి సర్టిఫికెట్ ఉంది. అదే ప్రాజెక్టు కింద బస్తర్‌లో దిగినోడి మనవడికి లేదు. అన్నదమ్ములిద్దరు ఒకే క్యాంపు నుంచి బయలుదేరి, లారీ అటు తిరిగితే ఎస్సీ, ఇటు తిరిగితే కాదు! ఆ లారీ ఎక్కించింది ఎవరు? సర్కారే. సొంత ఇష్టంతో వలస పోతే ఒక మాట. సర్కారు ఎత్తుకొచ్చి పడేసి, ఇప్పుడు నువ్వు ఈ రాష్ట్రపోడివి కాదంటే ఎట్ల?

ఇందాక యాది పెట్టుకోమన్న ముచ్చట ఇది. మన రాష్ట్రం ఎస్సీ జాబితా తీసి చదవండి. అందులో "చండాల" అన్న మాట ఉంది. "నామశూద్ర" అన్న మాట లేదు. నలభై ఏండ్లు కొట్లాడి ఏ పేరును చెరిపేసుకున్నారో ఆ పేరు ఉంది, ఏ పేరు సంపాదించుకున్నారో ఆ పేరు లేదు. హక్కు పోయింది గాని కులం పోయిందా? కులం వాళ్ల కంటే ముందే సరిహద్దు దాటి వచ్చి కూర్చుంది.

"వాటా తగ్గుతది గదా" అంటారు. తగ్గుతదేమో అని మేమూ ఆలోచించాం. తాలూకాలో కొన్ని ఊర్ల జనం వస్తే మన వాటాకు పడే గండి ఎంత? ఖాళీ పోస్టులు నింపకుండా, సర్కారీ బళ్లు మూసి, సర్కారీ కొలువులను కాంట్రాక్టుకిచ్చి మన వాటాకు కొడుతున్న గండి ఎంత? ఇంటి ముందు గోడకు గంత పడిందని కొట్లాడుకుంటున్నాం, ఇంటెనక గోడే లేదు. జనం పెరిగితే జనాభా లెక్క ప్రకారం శాతం పెంచమని అడగాలె. మన రాష్ట్రంలో 2025 నుంచి వర్గీకరణ అమలవుతున్నది. ఏ కులం జనం ఎంతమంది, వెనకబాటు ఎంత అని లెక్క తీసే పద్ధతి వచ్చింది. వీళ్లనూ ఆ పద్ధతిలోనే లెక్క తీసి, వీళ్ల జాగా ఎక్కడో తేల్చమందాం. ఎవరి ముద్దా ఎవరూ గుంజుకోకుండా న్యాయం చెయ్యడం సర్కారు పని. మనం తలుపు మూస్తే ఆ పని తప్పించుకోవడానికి సర్కారుకు సాకు దొరుకుతది. 1946లో బొంబాయోళ్లు తలుపు మూసినట్టు మనం మూస్తామా, బెంగాలోళ్లు తెరిచినట్టు తెరుస్తామా?

ఇంక చెయ్యాల్సిన పనులు చెప్తాం.

ఒకటి. జాబితాలో చేర్చడం ఊరి ఎమ్మెల్యే చేతిలో లేదు. రాష్ట్ర సర్కారు వాళ్ల జీవన స్థితి మీద నివేదిక తయారు చేసి కేంద్రానికి పంపాలె. రిజిస్ట్రార్ జనరల్, జాతీయ ఎస్సీ కమిషన్ ఒప్పుకోవాలె. ఆ తర్వాత పార్లమెంటులో చట్టం కావాలె. ఎన్నికలప్పుడు వచ్చి "నేను చేర్పిస్తా" అనేటోళ్లను నివేదిక ఎక్కడిదాకా పోయిందో అడగండి. చదువుకున్న మన పిల్లలు క్యాంపు పిల్లలకు అర్జీలు రాసిపెట్టాలె.

రెండు. భూమి దగ్గర మన మాట సాఫుగా ఉండాలె. ఎవరికి ఎస్సీ హోదా వచ్చినా ఆదివాసి భూమి మీద హక్కు రాదు. 1/70 చట్టం కాపాడటం మన పని కూడా. గోండు, కోలాం పెద్దలను, క్యాంపు పెద్దలను ఒక చాప మీద కూర్చోబెట్టకుండా మనం ఒక్కరి తరఫున మాత్రమే మాట్లాడితే, ఢిల్లీ పెట్టిన అగ్గికి మనం కిరసనాయిలు పోసినట్టే.

మూడు. కాయితాలు. ఈ కథ మొదటి నుంచి చివర దాకా కాయితం కథే. పంజాబ్‌లో కాయితం ఉన్నోడికి భూమి దొరికింది. 2003లో పౌరసత్వ చట్టం మార్చి తల్లిదండ్రుల కాయితం అడిగారు, మతువాలు గుండెలు బాదుకున్నారు. 2019లో ఇంకో చట్టం తెచ్చి మతం చూసి పౌరసత్వం ఇస్తామన్నారు, 2024లో దాని నిబంధనలు వచ్చాయి. ఓటేసి, పన్ను కట్టి, మూడు తరాలు బతికినోడు ఇప్పుడు నేను బయటి దేశపోణ్నని ముందు రాసియ్యాలట! ఒక మతపోడికి ఇచ్చి ఇంకో మతపోడికి ఇయ్యనిది హక్కు కాదు, ఎర. మన వాడలో కూడా పాసుబుక్కు, కుల సర్టిఫికెట్, పుట్టిన తేదీ కాయితం లేని ఇల్లు ఎన్నో ఉన్నాయి. వచ్చే పున్నం లోపు ఇంటింటి లెక్క రాయండి. రేపు పోలవరం కింద మునిగే ఊరైనా, బొగ్గు గని కింద పోయే ఊరైనా, ముందు అడిగేది కాయితమే. కాయితం లేనోణ్ని నంబరు ఊరికి తోలుతారు.

మన వాడ ఊరి బయట ఎందుకుంది? ఎప్పుడో ఎవడో మనల్ని ఊరు దాటించి గీత గీశాడు. దేశం విడిపోకుండానే మనం కాందిశీకులం. ఊరి సరిహద్దు దాటించినోళ్ల పిల్లలం, దేశం సరిహద్దు దాటించినోళ్ల పిల్లగాడు మన గడపకు వచ్చి ఒక సంతకం అడిగితే, "నువ్వెవరు" అన్నాం. ఇప్పుడు తెలిసింది గదా ఎవరో.

ఇదిగో కాయితం. మొదటి సంతకం మేము పెడుతున్నాం. ఆ రోజు అడ్డం తగిలిన పెద్దమనిషి కూడా ఇక్కడే కూర్చున్నాడు. ఆయనను బలవంతం చెయ్యం. ఒప్పుకుంటే రెండో సంతకం ఆయనదే కావాలని మా కోరిక. చదువు రానోళ్లు వేలిముద్ర వెయ్యండి. ఆదివారం పొద్దున నలుగురం పోయి ఆ కాయితాన్ని ఆ పిల్లగాడి చేతికే ఇచ్చి వద్దాం. ఈసారి వాడు తల వంచుకుని పోకూడదు.

జై భీమ్.